ఫాంట్ సాఫ్ట్‌వేర్ గారికి, గ్యాస్ లేని ఇంటి నుంచి

మహారాజశ్రీ, ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ అక్షరాలు గీసిపెట్టే సాఫ్ట్‌వేర్ గారికి,

నమస్కారాలు. తమరికి ఒంట్లో బాగోలేదని, అర్జంటుగా సెక్యూరిటీ అప్‌డేట్ వేయించాలని నిన్న మధ్యాహ్నం ఫోన్ చెప్పింది. 12 నిమిషాలంది. అన్నం తిని లేచేసరికి అయిపోతుందిలే అని నొక్కాను. గంటా నలభై నిమిషాలు నల్లటి తెర మీద తెల్ల గీత. ఈలోగా గ్యాస్ అబ్బాయి వచ్చి ‘ఓటీపీ చెప్పండమ్మా’ అన్నాడు. ఫోన్ చూపించాను. ‘ఓటీపీ లేకుండా ఇవ్వకూడదమ్మా’ అని, మూడంతస్తులు మోసుకొచ్చిన సిలిండర్‌ని మళ్ళీ భుజానేసుకుని దిగిపోయాడు. రాత్రి అటుకులు తిన్నాం.

ఫోన్ లేచాక ఇంతకీ జబ్బేమిటా అని చదివాను. ఎవరో కావాలని తప్పుగా తయారు చేసిన ఫాంట్‌ని తమరు చదవబోతే మెమరీ చెడుతుందట. ఫాంటు! పెళ్ళికార్డు మీద వంకీలు తిరిగే ఫాంటు!

తమరికిది పాత జబ్బే. 2011లో డుకు అనే వైరస్ వర్డ్ ఫైల్లో ఒక ఫాంట్‌ని దాచుకొచ్చి విండోస్ కెర్నెల్లోకి, అంటే సిస్టమ్ గుండెకాయలోకి, దూరింది. అక్షరాలు గీసే పని కెర్నెల్లో ఏమిటి? వాకిట్లో ముగ్గేసే మనిషికి బీరువా తాళాలిచ్చినట్టు! 2020లో జనతా కర్ఫ్యూ మర్నాడు విండోస్‌లోనే ఇంకో కబురు: తప్పుడు ఫాంట్ దాచిన ఫైలు తెరవక్కర్లేదు, పక్కన ప్రివ్యూలో కనబడినా చాలునట. మందు ఏప్రిల్ 14న వచ్చింది. విండోస్ 7 వాళ్ళలో డబ్బు కట్టి సపోర్టు కొనుక్కున్నవాళ్ళకే.

ఫాంటంటే వట్టి బొమ్మల మూట కాదని తెలుసుకున్నాను. లోపల పట్టికలు, కొలతలు, చిన్న చిన్న ఆజ్ఞలు ఉంటాయట. ‘నాకు ఇంత చోటు చాలు’ అని ఫాంట్ అంటే తమరు కొలిచి చూడకుండా నమ్మేస్తారు. పాలు పొంగి పక్క పొయ్యి ఆరిపోతుంది. (పొయ్యి మాట ఎత్తకూడదు నేను.)

ఇవన్నీ క్షమిస్తాను. 2018 ఫిబ్రవరి మాత్రం క్షమించను. ఐఫోన్లు నడిపే ఐఓఎస్ 11.2.5లో ‘జ్ఞా’ అన్న మెసేజ్ వస్తే యాప్ మూసుకుపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే లేస్తూ పడుతూ ఉండేది. ‘తెలుగు అక్షరం ఐఫోన్లను కూలుస్తోంది’ అని ప్రపంచమంతా వార్తలు. మా అక్షరం కూల్చిందా? జ్ఞానం, విజ్ఞానం అని మామూలుగా రాస్తే ఏమీ కాలేదు. ‘జ్ఞ’కీ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని గుర్తొకటి (అక్షరాలు అతుక్కోకుండా ఆపేది) ఉంటేనే నీకు కళ్ళు తిరిగాయి. అదే గుర్తు లేకపోతే ‘సాఫ్ట్‌వేర్’ అని నీ పేరు కూడా మేం సరిగ్గా రాయలేం! బెంగాలీలోనూ దేవనాగరిలోనూ అదే వరస వస్తే అలాగే పడ్డావు. పేరు మాత్రం తెలుగుకి. జారిపడింది నువ్వు, నింద గడపకా?

ఫిబ్రవరి 19న మందుగా ఐఓఎస్ 11.2.6 వచ్చింది. ఐఫోన్ చేసే ఆపిల్ కంపెనీ వాళ్ళ సెక్యూరిటీ నోట్‌లో తప్పు కోర్‌టెక్స్ట్‌దని, అంటే నీదేనని, ఒక్క వాక్యం రాశారు. అది ఎవరు చదివారు? మా ఆఫీసులో ఇప్పటికీ నేను సంతకం పెడుతుంటే ‘అమ్మో, ఫోన్లు జాగ్రత్త’ అని ఒకాయన నవ్వుతాడు. బడిలో మాస్టారు ఆ అక్షరాన్ని పలక మీద వందసార్లు దిద్దించారు. పలక ఒక్కసారి కూడా హ్యాంగ్ కాలేదు.

సిలిండర్ రేపు మళ్ళీ తెస్తారట. ఓటీపీ రాగానే అంకెలు కాస్త కనబడేట్టు గీసి పెట్టు. మళ్ళీ అప్‌డేట్ ఉంటే రాత్రి పూట చూసుకో.

ఇట్లు,
జ్ఞానేశ్వరి
(మధ్యలో ఏ గుర్తూ పెట్టలేదు, కంగారుపడకు.)