చి.ల.సౌ. వయ్యారిభామకు ఒక సర్వే సారు ఉత్తరం

చి.ల.సౌ. వయ్యారిభామకు,

ఉభయకుశలోపరి. ‘ఉభయ’ అన్నది అలవాటు కొద్దీ పడిన మాట. కుశలంగా ఉన్నది నువ్వే. కలుపుమొక్కవైన నిన్ను ముట్టుకున్నందుకు నాకు మోచేతుల దాకా దద్దుర్లు, రాత్రంతా గోకుడు. ‘చిరంజీవి’ అన్నది మాత్రం తెలిసే రాశాను.

నన్ను గుర్తుపట్టావా? నంద్యాల దగ్గర కె.సి. కెనాల్ గట్టు మీద ఏటా ఆగస్టులో పీవీసీ పైపుల చట్రం భుజాన వేసుకుని తిరిగే కాలేజీ సారును. మీటరు పొడవు, మీటరు వెడల్పు. దాన్ని నీ మీద పడేసి, లోపల ఎన్ని మొక్కలున్నాయో లెక్కబెట్టి, ఫోటో తీసి యాప్‌లో ఎక్కిస్తాం. మొదలు పైపు కింద, కొమ్మలు బయట ఉన్న మొక్క లోపలిదా బయటిదా అని పోయినేడు మా పిల్లలు అరగంట వాదించుకున్నారు. అది తేలేలోపు నీ తెల్లపూలు నాలుగు రిజిస్టర్ పేజీల మధ్య రాలాయి. పేజీ దులిపేసి లెక్క కొనసాగించాం.

సిగ్నల్ లేనిచోట ఫోటో ఎక్కదు. జీపు పోనిచోటికి మేం పోం. కాబట్టి మా మ్యాపు ప్రకారం నువ్వు తారు రోడ్డు పక్కన, సెల్ టవర్ల చుట్టూ మాత్రమే పెరుగుతావు. గట్టు దిగి లోపలి బీళ్లలోకి వెళితే నువ్వు లేవు. ఉన్నావనుకో, మా దగ్గర లేవు.

నీ జాతకం మాకు కంఠతా. పుట్టిల్లు మెక్సికో వైపు. 1950లలో పూణె దగ్గర నిన్ను చూసి ఉలిక్కిపడ్డాం. పి.ఎల్. 480 పథకం కింద అమెరికా నుంచి వచ్చిన గోధుమల బస్తాల్లో దిగావని కథ కట్టి, కాంగ్రెస్ గడ్డి అన్న పేరూ అతికించాం. తీరా చూస్తే 1814 నాటి కలకత్తా తోట జాబితాలోనే నీ పేరుందట. అంటే గోధుమలు రాకముందే నిన్ను మర్యాదగా కుండీలో పెంచాం అన్నమాట. ఆ సంగతి మాకు నచ్చదు, అందుకని గోధుమల కథే చెప్పుకుంటున్నాం.

1975లో కర్ణాటక నిన్ను చట్టప్రకారం హానికరమైన కలుపుగా ప్రకటించింది. నువ్వు కోర్టుకు రాలేదు. 1984లో బెంగళూరులో నీ ఆకు తినడానికి నీ ఊరి పెంకు పురుగునే తెచ్చి వదిలారు. అది వానాకాలంలో బాగానే తింటుంది, వానలు వెనకబడితే మట్టిలో దూరి పడుకుంటుంది. మన ఉద్యోగ సంస్కృతిని అంత తొందరగా వంటబట్టించుకున్న పురుగు మరొకటి లేదు.

మా పద్ధతిలో ఒకే చిక్కు ఉంది. మొలిచిన నెల, నెలన్నరకే నువ్వు పూస్తావు. ఒక్క మొక్క పాతిక వేల దాకా విత్తనాలు రాలుస్తుంది. మా లెక్కలు మండలం దాటి, డివిజన్ దాటి, సంతకాల కోసం ఆగి జిల్లాకు చేరేసరికి నువ్వు మునిమనవరాళ్లను ఆడిస్తుంటావు. నీ మీద జరిపే అవగాహన వారం ఆగస్టు 16 నుంచి 22 దాకా. జూన్ వానకు మొలిచినదానివి అప్పటికి ముదురు పూత మీద ఉంటావు. ఫోటోకు బాగుంటావు కూడా. పోయినేడు వచ్చిన ముఖ్య అతిథి నిన్ను వేళ్లతో సహా పీకి, కెమెరా ముందు రెండుసార్లు విదిలించి, పక్క గుంతలో పడేసి కాఫీకి వెళ్లాడు. ఆ రాత్రే వాన.

గట్టు కింద జొన్నచేను పెద్దమ్మ మా చట్రాన్ని చాలాసేపు చూసింది.

“లెక్కబెట్టేదేనా, పీకేది కూడా ఉందా సార్?”

“పీకడం మా పనిలోకి రాదు పెద్దమ్మా, పరిశీలన వరకే.”

“గేదె నోరు పెట్టదు. ఆకలికి పెట్టిందా, పాలు చేదు. మీరు ఎంతసేపు పరిశీలిస్తే పోతాదది?”

ఆమె పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని పీకి ఎరువు గుంతలో తొక్కేస్తుంది. మొన్న వెళితే ఆ గట్టున నువ్వు ఒక్కటీ లేవు. లెక్కబెట్టడానికి ఏమీ లేకపోయేసరికి పిల్లలు ఏమీ ఎక్కించలేదు. మ్యాపులో ఆ ముక్క ‘వివరాలు లేవు’ అని బూడిద రంగులో వచ్చింది. పై నుంచి ఫోను: ఆ భాగం సర్వే ఎందుకు ఎగ్గొట్టారు?

అసలు ఈ ఉత్తరం ఎందుకంటే, నిన్న రెండేళ్ల మ్యాపులు పక్కపక్కన పెట్టి చూశాను. నువ్వు కొత్తగా మొలిచిన చోట్లు ఎర్రచుక్కలు. చుక్కలు కలుపుకుంటూ పోతే ఎక్కడో చూసిన దారిలా ఉంది. మలుపు దగ్గర టీ బంకు, ఆ తర్వాత తూము, తూము దగ్గర మా జీపు దిగబడి అందరం దిగి తోసిన చోటు. తూము దగ్గర అన్నింటికన్నా పెద్ద చుక్క. బూట్ల అడుగున మట్టి, టైరు గాడిలో మట్టి, చట్రం పైపు మూలల్లో మట్టి. నలుసంత నల్లటి గింజలు, ఎవరు చూశారు? ఎక్కడ లెక్కబెట్టడానికి ఆగామో, నువ్వు అక్కడ దిగావు.

రిపోర్టులో ‘వ్యాప్తికి కారణాలు’ అన్న గడి ఒకటుంది. గాలి, నీరు, కంకర లారీలు, పశువుల ఎరువు అని రాశాను. అన్నీ నిజాలే. ఇంకా ఒక వరుస ఖాళీ ఉంది. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి ‘ఇతరములు’ అని రాశాను.

ఇట్లు,
ఇతరములు

తా.క.: జీపు షెడ్డులో, వెనక టైరు ఆనుకుని మొలిచావు. చూశాను. మా సర్వే కాలేజీ గేటు బయటి నుంచి మొదలవుతుంది కాబట్టి నిన్ను ఏ గడిలో రాయాలో పైవాళ్లను అడిగాను. జవాబు ఇంకా రాలేదు. నువ్వేమో మొగ్గ వేశావు.