యూనికార్న్ కొమ్ము: ఎముకా, పన్నా, గోరా?

స్కూలు బ్యాగుల మీద, వాటర్ బాటిళ్ల మీద, పుట్టినరోజు కేకుల మీద ఎక్కడ చూసినా ఒంటికొమ్ము గుర్రం, అదే యూనికార్నే. ఇంతగా జనంలో కలిసిపోయిన జంతువు నెత్తిన ఉన్నది ఏ పదార్థమో ఇంతవరకు ఎవరూ నిలదీయకపోవడం విచారకరం. ‘అసలు ఆ జంతువే లేదు కదా’ అని కొందరు తప్పించుకుంటారు. లేకపోవడం దాని సొంత విషయం. కొమ్ము సంగతి ప్రజలది.

ముందు దుప్పి కొమ్మును పరిశీలిద్దాం. అది అచ్చంగా ఎముక, ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తుంది. యూనికార్న్‌కీ ఇదే పద్ధతి అయితే ఏడాదిలో కొన్నాళ్లు అది ఉత్త గుర్రం. అప్పుడు మలక్‌పేట రేసుల్లో పరిగెత్తేవి, ఊరేగింపులో పెళ్లికొడుకును మోసేవి నిజంగా గుర్రాలేనని పూచీ ఎవరిది? ఇంత టెన్షన్ మనకొద్దు. దుప్పిని వదిలేద్దాం.

ఆవు, గేదె, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక, వీటి కొమ్ములకు లోపల ఎముక, పైన కెరటిన్ అనే గట్టి ప్రోటీన్ తొడుగు. కృష్ణజింక కొమ్ముకు మెలికలు కూడా ఉన్నాయి కాబట్టి బొమ్మకు బాగా సరిపోతుంది. కానీ పశువు పెరిగేకొద్దీ నుదుటి సైనస్, అంటే ఎముకలోని గాలి గది, కొమ్ము లోపలికి పాకుతుంది. యూనికార్న్‌కి జలుబు చేస్తే కొమ్ముకీ చేసినట్టే. దానికి ఆవిరి పట్టాలంటే ఎంత దుప్పటి కప్పాలో ఆలోచించండి.

పైగా 1827లో ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే ఒక అభ్యంతరం చెప్పాడు. ఆవు, గేదెల్లా చీలిన గిట్టలున్న జంతువుకు నుదుటి ఎముక రెండు ముక్కలు, మధ్యలో అతుకు. అతుకు మీద కొమ్ము మొలవదన్నాడు. నూరేళ్లు గడిచాక, 1933లో, అమెరికాలోని మెయిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్లిన్ డవ్ అనే జీవశాస్త్రవేత్త ఒక లేగదూడ కొమ్ము మొగ్గలు రెండిటినీ కోసి నుదుటి నడుమ పక్కపక్కనే అతికించాడు. దూడ ఒంటికొమ్ము ఎద్దయింది! కొమ్ముకు మూలం పుర్రెలో లేదు, పైనున్న చర్మంలో ఉంది. ఎద్దుకు దక్కిన ఈ ప్రమోషన్ గుర్రానికి మాత్రం ఎవరూ ఇప్పించలేదు.

ఇక పన్ను. అసలు కథ ఇక్కడే ఉంది. క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలో, పర్షియా రాజు కొలువులో పనిచేసిన గ్రీకు వైద్యుడు క్టీసియస్, భారతదేశంలో ఒంటికొమ్ము అడవి గాడిదలున్నాయని రాశాడు. కొమ్ము మొదలు తెలుపు, నడుమ నలుపు, కొస ఎరుపు అట. దానితో చేసిన గిన్నెలో తాగితే విషం ఎక్కదట. ఆయన భారతదేశంలో అడుగుపెట్టనేలేదు. అందుకే అంత వివరంగా రాయగలిగాడు.

పక్కవాడు విషం పెడతాడేమోనన్న భయంతోనే అన్నం తినే యూరప్ రాజులకు ఇంతకన్నా ఏం కావాలి? కొమ్ము కోసం ఎగబడ్డారు. వాళ్లకు అంటగట్టింది ఆర్కిటిక్ సముద్రంలో తిరిగే నార్వాల్ అనే తిమింగలపు ఎడమ కోరపన్ను. అది పై పెదవిని చీల్చుకుని, మెలికలు తిరుగుతూ 2 మీటర్లు దాటి పెరుగుతుంది. ఆ పన్నే యూనికార్న్ నుదుటి మీద ఉంటే, నొప్పి పుట్టినప్పుడు అది తలనొప్పి మాత్ర వేసుకోవాలా, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలా?

1638లో ఓలె వోర్మ్ అనే డెన్మార్క్ పండితుడు ఇది నార్వాల్ పన్నేనని తేల్చి చెప్పాడు. అక్కడితో ఆగితే బాగుండేది. పన్నైనా విషానికి విరుగుడుగా పనిచేస్తుందేమోనని పెంపుడు జంతువులకు విషం పెట్టి, ఆ పొడి తినిపించి చూశాడు. అవి కోలుకున్నాయని రాసుకున్నాడు కూడా. విషం మోతాదు మీద నాకు అనుమానాలున్నాయి. 1661లో లండన్ రాయల్ సొసైటీ పెద్దలు యూనికార్న్ కొమ్ము పొడితో గీసిన వలయం మధ్యలో సాలీడును వదిలారు. విషజీవి కాబట్టి గీత దాటదనుకున్న సాలీడు చక్కా నడిచి బయటికొచ్చింది. మళ్లీ పెట్టారు, మళ్లీ వచ్చింది. ఆ గదిలో ముందుగా నిర్ధారణకు వచ్చింది సాలీడే.

ఇక వోర్మ్ సొంత దేశంలో, ఆయన చెప్పిన మూడు దశాబ్దాలకు, 1671లో ఐదో క్రిస్టియన్ అనే పేరున్న రాజు నార్వాల్ పళ్లతో చేసిన సింహాసనం మీద పట్టాభిషేకం చేసుకున్నాడు. పన్నని తెలిసినా దర్జా తగ్గలేదు.

మిగిలింది ఖడ్గమృగం. నిజంగా ఒంటికొమ్మున్న మృగాల్లో మన దేశపు ఖడ్గమృగం ఒకటి. దాని కొమ్ములో ఎముక ఉండదు, మొత్తం కెరటిన్. అంటే మన గోళ్లు, జుట్టు దేనితో తయారవుతాయో అదే. ఈ గోరు కోసం వేటగాళ్లు ప్రాణాలు తీస్తున్నారు. కొమ్ముకు మందు గుణం లేదని చాటడానికి అస్సాం ప్రభుత్వం 2021 సెప్టెంబరు 22న బొకాఖాత్‌లో 2,479 కొమ్ములను తగలబెట్టింది. అయినా కొనేవాళ్లు విదేశాల్లో ఇంకా ఉన్నారు.

వాళ్లకో సూచన. పదార్థమే ముఖ్యమైతే అడవికి వెళ్లక్కర్లేదు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు రోజూ సమర్పిస్తున్నది అదే కెరటిన్. పొడవును బట్టి రకాలుగా విడదీసి, చట్టబద్ధంగా ఈ-వేలంలో అమ్ముతారు. బిడ్లు వేసుకోవచ్చు.