స్కానర్ సరే, ముందు కోత సంగతి చూడండి

నిన్న ఒక మీటింగ్‌లో, గాజు స్లైడ్లని ఫోటో తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించే స్కానర్ అమ్మే అబ్బాయి కిడ్నీ స్లైడ్‌ని పెద్ద తెర మీద చూపిస్తూ "మేడమ్, ఇక మీరు లెక్కపెట్టక్కర్లేదు, అంతా ఏఐ చూసుకుంటుంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పదహారేళ్లుగా కిడ్నీ బయాప్సీలు, అంటే సూదితో తీసిన కిడ్నీ ముక్కలు, మైక్రోస్కోప్‌లో చూస్తున్నదాన్ని, నాకు మాత్రం ఒళ్లు మండింది.

స్కానర్ వద్దని కాదు. అది అందరికంటే ఎక్కువ నాకే కావాలి. క్రానిక్ కిడ్నీ జబ్బులో నెఫ్రాలజిస్ట్ మమ్మల్ని అడిగేది ఒకటే: ఎంత పోయింది, ఎంత మిగిలింది? ట్యూబ్యూల్స్ (మూత్రం తయారయ్యే సన్నని గొట్టాలు) ఎండిపోయి, మధ్యలో మచ్చకట్టిన భాగం ఎంత శాతమో చెప్పాలి. ఆ శాతం ఎలా వస్తుందనుకుంటున్నారు? సంతలో గుమ్మడికాయని చూసి బరువు చెప్పినట్టు, కంటి అంచనాతో. ఒకసారి ఒకే స్లైడ్‌ని ముగ్గురం విడివిడిగా చూశాం. నేను 20 అన్నాను, మా సీనియర్ సర్ 30 అన్నారు, కొత్తగా చేరిన అమ్మాయి 40 అంది. అది ఐజీఏ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బు కేసు. అందులో వాడే ఆక్స్‌ఫర్డ్ వర్గీకరణ ప్రకారం 25 శాతం దాటితే గ్రేడే మారిపోతుంది. అంటే స్లైడ్ ఆ రోజు ఎవరి టేబుల్ మీద పడిందో దాన్ని బట్టి పేషెంట్ గ్రేడన్నమాట! ఇలాంటి చోట కంప్యూటర్ కొలిచిపెడతానంటే దండం పెట్టి తీసుకుంటాను. పీఏఎస్ అనే రంగు వేసిన స్లైడ్లలో గ్లోమెరులస్‌లనీ (రక్తాన్ని వడకట్టే జల్లెడలు) ట్యూబ్యూల్స్‌నీ కంప్యూటర్ చేత గుర్తింపజేసి నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ యూనివర్సిటీ వాళ్లు 2019లోనే చూపించారు.

కానీ కంప్యూటర్ చూసేది కిడ్నీని కాదు, మా టెక్నీషియన్ కోసిన ముక్కని. అది 2, 3 మైక్రాన్ల మందంలో తెగాలి. బ్లేడ్ మొండిదైతే ముక్క నిండా చీపురు గీసినట్టు గీతలు. కాస్త మందంగా తెగితే కణాలు ఒకదాని మీద ఒకటి పడి లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. కోసిన ముక్కని తేల్చే వాటర్ బాత్‌లోంచి ఎత్తేటప్పుడు తడిచీరలా మడత పడిందా, అక్కడ స్కానర్‌కి ఫోకస్ కుదరదు. మచ్చని చూపించే ట్రైక్రోమ్ అనే రంగులో నీలం ఒకరోజు ముదురు, ఒకరోజు లేత. నా కన్ను సర్దుకుపోతుంది. ప్రోగ్రామ్ సర్దుకోదు.

మా ల్యాబ్‌లో ఈ కోత కోసేది ఒక్క మనిషే, అదీ కాంట్రాక్టు మీద. ఆమె సెలవు పెడితే ఆ రోజు కిడ్నీ బ్లాకులు (మైనంలో పెట్టిన ముక్కలు) అలాగే ఉంటాయి. కోత కోసే యంత్రం, మైక్రోటోమ్, రిపేర్ ఫైలు ఆరు నెలలుగా "పరిశీలనలో" ఉంది. లక్షల ఖరీదు చేసే స్కానర్‌కి మాత్రం ప్రెజెంటేషనూ, లంచ్‌తో సహా!

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి కాళ్లవాపు ఉండదు, యూరిన్‌లో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, చూసేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది. కిడ్నీలు చిన్నవైపోయాక బయాప్సీకి ఎవరూ సాహసించరు. రక్తస్రావం భయం ఒకటి, దానివల్ల కొత్తగా తెలిసేదీ తక్కువే. ముందుగా దొరికిన కొద్దిమందికి చేసిన బయాప్సీల్లో ఎక్కువగా కనిపించింది ట్యూబ్యూల్స్ మధ్య మచ్చే. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కొలవాల్సింది సరిగ్గా ఆ మచ్చనే, దొరికే ముక్కలేమో అరుదు. సూదిలో వచ్చేది సెంటీమీటరో, ఒకటిన్నరో ఉండే దారప్పోగు. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల గ్లోమెరులస్‌లుంటే అందులోకి పది, పదిహేను వస్తే సంతోషం. దాన్ని కూడా కోతలో పాడుచేసుకుంటే ఇంక స్కానర్ చేసేదేముంది? కుండలో ఉంటేనే కదా గరిటెలోకి వచ్చేది.

రెండో అభిప్రాయం కోసమైతే స్కానర్ రేపే రావాలంటాను. ఒక పేషెంట్ కొడుకు స్లైడ్లని గుడ్డలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని రాత్రి బస్సులో హైదరాబాద్ వెళ్లాడు. తీరా తెరిస్తే సిల్వర్ స్టెయిన్ వేసిన స్లైడ్ రెండు ముక్కలైంది. మళ్లీ కోద్దామంటే బ్లాకులో ఏమీ మిగల్లేదు. ముందే స్కాన్ చేసి ఉంటే లింక్ పంపేవాళ్లం.

ఇంతకీ నిన్న భోజనాల దగ్గర ఆ అబ్బాయిని పట్టుకుని, బ్యాగులో ఉన్న మా స్లైడ్ ఒకటి పెట్టి చూపించమన్నాను. మూలన మడత పడిన స్లైడ్. సాఫ్ట్‌వేర్ ఆ మడత మొత్తానికీ పచ్చరంగు పూసి ఫైబ్రోసిస్ (మచ్చ) అంది.

అబ్బాయి కాస్త ఇబ్బంది పడి, "స్లైడ్ క్వాలిటీ బాగుండాలి మేడమ్" అన్నాడు.

పొద్దుట్నుంచీ నేను మొత్తుకుంటున్నదీ అదే కదా నాయనా!