బండి బిల్లు పెడితే పన్ను తగ్గదు

రాప్తాడు వైపు హైస్కూల్లో పనిచేసే టీచరమ్మ ఒకరు పోయిన వారం అనంతపురంలో నా దగ్గరికి వచ్చారు. కొత్త ఎలక్ట్రిక్ స్కూటరు బిల్లు, దాని కింద బ్యాంకు లోను కాగితం టేబుల్ మీద పెట్టి, "సార్, ఇవి పెడితే లెక్క ఎంత వెనక్కి వస్తాది?" అని అడిగారు. ఫోన్ తీసి వాట్సాప్ మెసేజ్ చూపించారు. రిటర్నులు వేసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ మెసేజ్ నాకు ఇప్పటికే చాలాసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇది: బైక్ కొన్న ప్రతి ఒక్కరికీ ఆదాయపు పన్నులో లక్షన్నర మినహాయింపు, ఎలక్ట్రిక్ అయినా పెట్రోల్ అయినా సరే, బిల్లు ఉంటే చాలు, ఆఫీసువాళ్లు ఈ సంగతి చెప్పరు, పదిమందికీ పంపండి.

ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

ముందు ఆ లక్షన్నర. ఈ అంకె గాలిలోంచి రాలేదు. 2019 బడ్జెట్‌లో 80ఈఈబీ అని ఒక సెక్షన్ తెచ్చారు. ఎలక్ట్రిక్ బండికి అప్పు తీసుకుంటే, ఆ అప్పు మీద కట్టే వడ్డీని ఏడాదికి రూ.1,50,000 దాకా ఆదాయంలోంచి తీసేయొచ్చు. వడ్డీ మాత్రమే. బండి ధర కాదు, కట్టిన అసలూ కాదు. తగ్గేది ఆదాయం, పన్ను కాదు. స్కూటరుకు లక్ష రూపాయల లోను, 10 శాతం వడ్డీ, మూడేళ్ల కంతులు అనుకోండి. నెలకు సుమారు రూ.3,227 కట్టాలి. మొదటి ఏడాది అందులో వడ్డీ భాగం దాదాపు రూ.8,650. పన్ను లెక్కకు రెండు విధానాలున్నాయి, ఇలాంటి మినహాయింపులు చూపించుకునేది పాత విధానం. అందులో 20 శాతం శ్లాబులో ఉన్న మనిషికి, పన్ను మీద వేసే సెస్సుతో కలిపి మిగిలేది రూ.1,800. ఏడాదికి లక్షన్నర వడ్డీ కట్టాలంటే పదిహేను లక్షలకు పైనే అప్పు ఉండాలి. అది కారు సంగతి, స్కూటరుది కాదు.

"కొన్న ప్రతి ఒక్కరికీ" అన్నది పచ్చి అబద్ధం. అప్పు 2019 ఏప్రిల్ 1కీ 2023 మార్చి 31కీ మధ్య మంజూరై ఉండాలి. బండి ఎప్పుడు కొన్నారన్నది కాదు, లోను ఎప్పుడు మంజూరైందన్నదే చూస్తారు. టీచరమ్మ కాగితంలో మంజూరు తేదీ 2025 మే. నేను ఆ తేదీ కింద పెన్నుతో గీత గీసి చూపించాను. ఆమె కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయారు. 2022లో లోను తీసుకుని ఇంకా కంతులు కడుతున్నవాళ్లకైతే, పాత విధానంలో ఉంటే, అప్పు తీరేదాకా వడ్డీకి మినహాయింపు ఉంటుంది. ఆ అప్పు కూడా బ్యాంకుదో, చట్టం ఒప్పుకునే ఫైనాన్స్ కంపెనీదో అయ్యుండాలి. చీటీ ఎత్తి కొన్నా, తెలిసినాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొన్నా కుదరదు. బండి కూడా పూర్తిగా బ్యాటరీ మీదే నడవాలి, బ్రేకు వేసినప్పుడు కరెంటు తిరిగి పుట్టే ఏర్పాటు ఉండాలి. తక్కువ ధరకు దొరికే చిన్న బండ్లలో ఇది లేకపోతే అవి ఈ లెక్కలోకి రావు.

పెట్రోల్ బైకుకు 80ఈఈబీలో చోటే లేదు. జీతగాళ్లకు ఇంకే సెక్షన్‌లోనూ బైకు కొన్నందుకు మినహాయింపు లేదు. వ్యాపారానికి వాడే బండికి మాత్రం తరుగుదల ఉంది, అంటే బండి ధరలో కొంత భాగాన్ని ఏటా ఖర్చుగా చూపించుకోవచ్చు. చీనీకాయల వ్యాపారం చేసే ఆయన మండీకీ తోటలకీ బైకు మీద తిరుగుతాడు, లెక్కల పుస్తకాలు రాస్తాడు. ఆయన బైకు ధర మీద ఏడాదికి 15 శాతం, ఎలక్ట్రిక్ అయితే 40 శాతం తరుగుదల చూపించొచ్చు. కొన్న ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. ఇంటి పనికీ వాడితే ఆ మేరకు తగ్గించాలి. ఒకే రోజు రూ.10,000 మించి నగదుగా కట్టిన సొమ్ము బండి ధరలో లెక్కకే రాదు. షోరూంలో నోట్ల కట్టలు ఇచ్చి కొనేవాళ్లు మన జిల్లాలో తక్కువేమీ కాదు, అందుకే చెబుతున్నాను. ఇక చిన్న వ్యాపారులకున్న 44ఏడీ సెక్షన్ కింద, ఖర్చుల లెక్క లేకుండా అమ్మకాల్లో 6 శాతమో 8 శాతమో లాభంగా చూపించేవాళ్లకు తరుగుదల అందులోనే కలిసిపోయింది, మళ్లీ విడిగా తీయకూడదు.

మెసేజ్ దాచిన అసలు సంగతి మరొకటి ఉంది. 2023-24 నుంచి ఏమీ ఎంచుకోకపోతే కొత్త పన్ను విధానమే వర్తిస్తుంది. అందులో 80ఈఈబీ లేదు, పీఎఫ్, బీమా లాంటి పొదుపులకు మినహాయింపు ఇచ్చే 80సీ కూడా లేదు. టీచరమ్మ 2025-26 జీతం రూ.9,60,000. కొత్త విధానంలో జీతగాళ్లందరికీ ఇచ్చే రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా మిగిలింది పన్నెండు లక్షల లోపే, అంటే ఆ లోపు ఆదాయానికి పన్ను మాఫీ చేసే 87ఏ రిబేటుతో ఆమె కట్టాల్సిన పన్ను సున్నా. ఆ మెసేజ్ నమ్మి పాత విధానంలోకి వెళ్తే? రూ.50,000 స్టాండర్డ్ డిడక్షన్, రూ.2,400 వృత్తి పన్ను, పీఎఫ్, ఏపీజీఎల్ఐ (ప్రభుత్వోద్యోగుల జీవిత బీమా) కలిపి 80సీ పూర్తిగా లక్షన్నర, అర్హత లేకపోయినా ఆ వడ్డీ రూ.8,650 కూడా తీసేద్దాం. సొంతిల్లు కాబట్టి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు రాదు. అప్పుడు పన్ను సుమారు రూ.64,780. సున్నా కట్టాల్సిన మనిషి అరవై నాలుగు వేలు కట్టాలి! కాగితం మీద రెండు లెక్కలూ పక్కపక్కన వేసి ఇచ్చాను. "అయ్యో, ఇదేంది సార్!" అన్నారు.

జీఎస్టీ సంగతి వేరు. ఎలక్ట్రిక్ బండ్ల మీద 2019 ఆగస్టు నుంచి 5 శాతమే, 350 సీసీ లోపు పెట్రోల్ బైకుల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది. ఆ లాభం బిల్లులోనే వచ్చేసింది, రిటర్నులో రాసేది ఏమీ లేదు.

"బిల్లు ఉంటే చాలు" అన్న మాటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. ఇప్పుడు రిటర్నులో 80ఈఈబీ రాయాలంటే అప్పు ఇచ్చిన సంస్థ పేరు, లోను ఖాతా నంబరు, మంజూరైన తేదీ, బండి రిజిస్ట్రేషన్ నంబరు ఇవ్వాలి. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ దొంగ మినహాయింపుల మీద దేశమంతటా తనిఖీలు చేసినప్పుడు చెప్పిన సెక్షన్లలో ఇదీ ఉంది. అంతకు ముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40,000 మంది రూ.1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని అప్పుడే ప్రకటించారు. తెలిసి తప్పుడు వివరాలిస్తే పన్నుకు రెండింతల జరిమానా పడొచ్చు. రీఫండులో వాటా తీసుకుని రిటర్ను వేసిపెట్టిన మనిషి ఆ రోజు మీ పక్కన నిలబడడు. నోటీసు మీ పాన్ మీదే వస్తుంది.

వెళ్తూ వెళ్తూ టీచరమ్మ, "మా స్కూల్లో ఒకాయనకి ఇట్లే ముప్పై వేలు వచ్చినాయంట సార్, ఇప్పుడు ఆయన గతేమి?" అని అడిగారు. గడువుంటే రివైజ్డ్ రిటర్ను, అంటే సరిదిద్దిన రిటర్ను వేసి ఆ సొమ్ము కట్టేయొచ్చు. దాటితే అప్‌డేటెడ్ రిటర్ను ఉంది. మదింపు సంవత్సరం, అంటే ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది, ముగిశాక 48 నెలల దాకా వేయొచ్చు. మొదటి ఏడాదిలోనే వేస్తే పన్ను, వడ్డీల మీద అదనంగా 25 శాతం, ఆలస్యమయ్యేకొద్దీ అది 70 శాతం దాకా పోతుంది. ఆయనను ఈ వారమే తీసుకురమ్మన్నాను, లోను కాగితంతో సహా.