జవాబు మనది, లెక్క వాళ్ళది

"ఏ సబ్బు వాడతారమ్మా? నెలకు కాఫీ పొడి ఎంత పడుతుంది?" ట్యాబ్ పట్టుకుని గుమ్మం ముందుకొచ్చి ఇలా అడిగేవాళ్ళు తిరుపతి వీధులకు కొత్త కాదు. ఓపికుంటే చెబుతాం, లేకుంటే తలుపేసుకుంటాం. చెప్పిన జవాబు తర్వాత ఎక్కడికి పోతుందో మాత్రం మనకు పట్టదు.

అది ఎంత పెద్ద సరుకో బ్రిటన్ సర్వే కంపెనీ యూగవ్‌ను చూస్తే తెలుస్తుంది. 2000లో స్టీఫన్ షేక్‌స్పియర్, నదీమ్ జహావీ దాన్ని మొదలుపెట్టారు. (ఈ జహావీయే 2022లో రెండు నెలల పాటు బ్రిటన్ ఆర్థిక మంత్రి.) ఇంటింటికీ మనుషుల్ని పంపకుండా, నెట్‌లో పేరు నమోదు చేసుకున్నవాళ్ళను ప్రశ్నలడిగి పాయింట్లు ఇవ్వడం దాని పద్ధతి. 2005లో షేర్ మార్కెట్‌కెక్కింది. 2017 బ్రిటన్ ఎన్నికల్లో ఏ పార్టీకీ మెజారిటీ రాదని దాని కొత్త మోడల్ చెబితే నవ్వినవాళ్ళున్నారు. చివరికి అదే జరిగింది. 2024లో జర్మన్ సంస్థ జీఎఫ్‌కే నుంచి, యూరప్ ఇళ్ళు ఏం కొంటున్నాయో నమోదు చేసే విభాగాన్ని 31.5 కోట్ల యూరోలకు కొంది. ఎన్నికల అంచనాలు తెచ్చింది పేరు. డబ్బు తెచ్చింది సబ్బుల లెక్క, టీ పొడి లెక్క.

మన దగ్గర సర్వే అంటే ఎగ్జిట్ పోల్ ఒక్కటే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో చాలా సంస్థలు ఎన్డీఏకు 350 సీట్ల పైనే ఇచ్చాయి, వచ్చినవి 293. ఆ అంకెల్ని మొదటి పేజీలో వేసుకున్న పాపంలో పత్రికలకూ వాటా ఉంది. కానీ గెలుపు జాతకానికి పెట్టే ఆత్రంలో పదోవంతు సరుకు గిరాకీ మీద పెట్టి ఉంటే చిత్తూరు రైతుకు కొంత మేలు జరిగేది.

2025 మామిడి సీజన్ గుర్తుందిగా. తోతాపురి కాయ ట్రాక్టర్లలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి నిలిచిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలని, తాను 4 రూపాయలు కలుపుతానని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. ఏ దేశం గుజ్జు ఎంత కొంటుంది, జనం ఏ రసం తాగుతున్నారు అన్నది జ్యూస్ కంపెనీలు డబ్బు పెట్టి తెలుసుకోగలవు. చెట్టు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసే రైతుకు మాత్రం ర్యాంపు (వ్యాపారులు కాయ కొనే చోటు) దగ్గర కాయ దించేదాకా ధర తెలియదు.

ఇందుకు లండన్ కంపెనీ రానక్కర్లేదు. నెట్ సర్వేలతోనూ పూర్తిగా పని కాదు. ఫోన్ కొడుకు చేతిలో, తోట తండ్రి చేతిలో ఉండే ఇళ్ళు మనవి. కుప్పం వైపు వెళితే తెలుగు, తమిళం, కన్నడం మూడూ వచ్చినవాళ్ళే అడగాలి. ఎస్వీ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ విభాగం ఉంది, ఉద్యాన శాఖకు ఊరూరా సిబ్బంది ఉన్నారు. గుజ్జు నిల్వలెంత, కొనేవాళ్ళ ఆర్డర్లెన్ని, ఈసారి కాపు ఎంత అన్న మూడు లెక్కలు తీస్తే చాలు. ఎవరిని అడిగారో, ఎంతమందిని అడిగారో కూడా రాసి, ఏప్రిల్ దాటకముందే ప్రతి ర్యాంపు దగ్గరా అంటించండి.