వినతిపత్రం పట్టుకొను విధానము

అసెంబ్లీ బడ్జెట్ సమావేశాలు మొదలయ్యాయంటే జిల్లా పేజీలో ఒక ఫొటో ఖాయం. మధ్యలో మంత్రిగారు, ఆయన చేతిలో ఒక కాగితం. ఆ ఒక్క కాగితాన్నే అటు నలుగురు, ఇటు నలుగురు వేళ్ల కొసలతో పట్టుకుని ఉంటారు. ఒక్కరి చూపూ కాగితం మీద ఉండదు. కింద రెండు లైన్ల వార్త, చివర్లో మంత్రి సానుకూలంగా స్పందించారన్న వాక్యం. ప్రతికూలంగా స్పందించిన మంత్రి తెలుగు పత్రికల్లో ఇంతవరకూ పుట్టలేదు.

మొన్న ఆ కాగితం అంచు పట్టుకున్నది వృద్ధాశ్రమాలు నడిపేవాళ్లు. మంచాన పడ్డ ముసలివాళ్లను ఎవరికో అప్పజెప్పి, తెల్లవారుజామున బస్సెక్కి, హైదరాబాదు దాకా వచ్చింది ఈ మహత్కార్యానికే. వాళ్ల మొహాల్లో ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. వచ్చే సమావేశాలకైనా పనికొస్తుందని, వినతిపత్ర సమర్పణ విధానాన్ని సవినయంగా ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట పాసు సంపాదించాలి. అది స్థానిక ఎమ్మెల్యేగారు ఇప్పించాలి. ఇప్పించినందుకు ఆయన ఫొటోలో ఉండాలి. ఆయన ఉంటే ఆయన బామ్మర్ది ఉండాలి. బామ్మర్దికి వృద్ధాశ్రమాలతో ఉన్న అనుబంధం సామాన్యమైంది కాదు. పోయినేడు తన పుట్టినరోజుకి వెళ్లి, ఒక్కొక్కరికి ఒక్కో అరటిపండు చేతిలో పెట్టి, ఒక్కో పండుకి మూడేసి ఫొటోలు దిగి వచ్చాడు. పాసు తర్వాత శాలువా. అడగడానికి వెళ్లినవాడే ఎదురు సన్మానం చేయడం మన ఆచారం. ఆ శాలువా, బొకే డబ్బులతో పెద్దవాళ్లకు వేసే డైపర్లు వచ్చి ఉండేవి. కానీ మంత్రిగారి భుజాల మీద డైపర్ల ప్యాకెట్ కప్పితే ఫొటో నిండుగా ఉండదు కదా.

ఇక లాబీలో నిలబడాలి. నిలబడటం అంటే మామూలు నిలబడటం కాదు. మంత్రిగారు ఏ తలుపులోంచి వస్తారో తెలియదు కాబట్టి నాలుగు తలుపులకూ మొహం పెట్టి నిలబడాలి. వచ్చారు. శాలువా పడింది. కాగితం చేతులు మారింది. ఫొటోగ్రాఫర్ క్లిక్కుమనిపించాడు. సార్ రెప్ప వాల్చారు. మళ్లీ. ఈసారి బామ్మర్ది పక్కకి తిరిగాడు. మళ్లీ. ఈసారి కాగితం తలకిందులుగా ఉందని పీఏ కనిపెట్టి తిప్పాడు. ఆ వినతిపత్రంలో ఏముందో కనీసం పైకీ కిందకీ తేడా తెలిసేంత వరకైనా చూసినవాడు ఆ గుంపులో పీఏ ఒక్కడే. ఈ పుణ్యం అతనికి దక్కాలి.

“మీ సమస్య నా దృష్టిలో ఉందమ్మా. బోర్లకు కరెంటు విషయం సీఎంగారితో కూడా మాట్లాడాను” అన్నారు మంత్రిగారు.

“సార్, మేం వృద్ధాశ్రమాలోళ్లం.”

“ఆఁ, అదే. పెద్దవాళ్లంటే నాకు దేవుళ్లతో సమానం. మా అమ్మకి తొంభై దాటాయి. మంచం మీదే. అయినా ఒక్క పుండు పడలేదు తెలుసా ఒంటిమీద!”

అందరూ తలలూపారు. ఎమ్మెల్యేగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బామ్మర్ది తనకి కళ్లజోడు లేనందుకు బాధపడ్డాడు.

“అమ్మగారిని ఎవరు చూసుకుంటున్నారు సార్?” అని వెనక నుంచి ఒకావిడ అడిగింది.

“ఒకమ్మాయి ఉందిలే, శ్రీకాకుళం సైడు.”

“పేరేంటి సార్?”

మంత్రిగారు పీఏ వైపు చూశారు. పీఏ గన్‌మన్ వైపు చూశాడు. గన్‌మన్‌కి తెలుసు. రోజూ పొద్దున్నే అతనికి టీ ఇచ్చేది ఆ అమ్మాయే. కానీ సభామర్యాద ఎరిగినవాడు కనక, శూన్యంలోకి చూస్తూ ఊరుకున్నాడు. ఇంతలో బోర్ల యజమానులు నిజంగానే వచ్చారు, శాలువాతో సహా.

ఎవరూ చదవని ఆ కాగితంలో ఏముందంటే, కొంపలు ముంచేవేమీ లేవు. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. అందులో 19వ సెక్షను జిల్లాకొక వృద్ధాశ్రమం, ఒక్కోదాంట్లో దిక్కులేని 150 మందికి తగ్గకుండా చోటు, రాష్ట్ర ప్రభుత్వాలు ఏర్పాటు చేయవచ్చని చెబుతోంది. మీ జిల్లాలో అది ఎక్కడుందో చూసినవాళ్లుంటే నాకూ దారి చెప్పండి. లేని చోట ఆ పని చేస్తున్నది ఈ కాగితం పట్టుకున్నవాళ్లే, అద్దె ఇళ్లలో, చందాలతో, ఎప్పుడొస్తుందో తెలియని గ్రాంటుతో. గ్రాంటు నెలనెలా రావాలని, ముసలివాళ్లను చూసుకునే మనుషులకు జీతం, సెలవు, శిక్షణ ఉండాలని, ఇళ్లకు ఆయాలను పంపే బ్యూరోలకు రిజిస్ట్రేషన్ పెట్టాలని రాశారు. చివర్లో చట్టప్రకారం ‘భవదీయులు’ అని కూడా రాశారు, పాపం.

సభలో ఈ సంగతి రాదా అంటే, వస్తుంది. ఎవరో ఒక సభ్యుడు నక్షత్రం గుర్తు ప్రశ్న, అంటే మంత్రి సభలో నోటితో జవాబివ్వాల్సిన ప్రశ్న, వేస్తాడు. దానికి జవాబు నేనిప్పుడే రాసి ఇవ్వగలను. అ) జిల్లాకొక వృద్ధాశ్రమం ప్రతిపాదన ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదా? పరిశీలనలో ఉందండి. ఆ) అయితే వివరాలేమి? పరిశీలన పూర్తి కాలేదండి. ఇ) లేనిచో కారణాలేమి? ఈ ప్రశ్న ఉత్పన్నం కాదండి. అనుబంధ ప్రశ్న వేయడానికి సభ్యుడు లేచేలోపు ఇంకెవరో పోడియం దగ్గరికి దూసుకెళ్తారు, సభ వాయిదా పడుతుంది. వయోవృద్ధుల శాఖ వంతు వచ్చేసరికి టైము చాలదు, పద్దులన్నీ గుంపగుత్తగా పాసైపోతాయి. 2016లో తెలంగాణ ఎమ్మెల్యేల నెల జీతభత్యాలు రెండున్నర లక్షలు చేసుకున్నప్పుడు మాత్రం ఎవరూ పోడియం ఎక్కి కాగితాలు చించినట్టు నాకు గుర్తులేదు.

పింఛన్ల దగ్గర ఇంత బద్ధకం ఉండదు. ఒకరు రెండంటే ఇంకొకరు నాలుగంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నాలుగు వేలు ఇస్తున్నారు, పూర్తిగా మంచానికి పరిమితమైనవారికి 15 వేలు. మంచిదే, కాదనను. (కేంద్రం తన వాటాగా 80 దాటనివారికి ఏళ్లతరబడి నెలకు 200 రూపాయలే ఇస్తోంది. ఆ రెండు వందలతో ముసలాయన ఏం చేయాలో కూడా చెబితే బాగుండేది.) కానీ ఒకటో తారీకు డబ్బు చేతికొచ్చాక రెండో తారీకు రాత్రి ఆ మనిషిని పక్కకి ఎవరు తిప్పాలి? డబ్బిచ్చేటప్పుడు ఫొటో తీయొచ్చు. పక్క దుప్పటి మార్చేటప్పుడు తీయడం కుదరదు. అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

ఆ శ్రీకాకుళం అమ్మాయి సంగతి చెప్తాను. తొంభై ఏళ్ల మనిషికి ఒంటిమీద పుండు పడలేదంటే దేవుడి దయ వల్ల కాదు. రెండు గంటలకోసారి, రాత్రి కూడా, నడుం కింద మడతపెట్టిన దుప్పటి లాగి ఈ పక్క నుంచి ఆ పక్కకి తిప్పి, మడమల కింద దిండు పెట్టి, తడి లేకుండా తుడిచి పౌడర్ వేసినందువల్ల. రాగిజావ పలుచగా వడకట్టి, సిరంజితో ముక్కు గొట్టంలోకి కొద్దికొద్దిగా వదిలినందువల్ల. ఆ పిల్ల పడుకునేది మంచం పక్కన నేలమీద, చాప మీద. నిద్ర పట్టేస్తుందేమోనని చున్నీ కొస మంచం రెయిలింగుకి ముడివేసి రెండో కొస చేతికి చుట్టుకుంటుంది. ఇరవై నాలుగు గంటల డ్యూటీ అంటారు దీన్ని. ఇరవై నాలుగు గంటలూ డ్యూటీ అయితే ఆ పిల్ల బతికేదెప్పుడని అడిగినవాడు లేడు. వారానికో సెలవు ఉండదు. సంక్రాంతికి ఇంటికెళ్తానంటే, డల్లాస్ నుంచి పిల్లలు వస్తున్నారు, ఇప్పుడెలా అంటారు. ఇంటి మనిషిలాంటిది అని కూడా అంటారు. ఇంటి మనిషికి జీతంలో వాటా కోసే బ్యూరో ఉంటుందా? ఇల్లుగలవాళ్లు కట్టేదెంతో, ఆమె చేతికొచ్చేదెంతో రాసిన కాగితం ఒక్కటైనా ఆమె దగ్గర ఉందా? పెద్దావిడ పోయిన రోజు అందరూ ఏడుస్తుంటే ఈ పిల్ల ఒక మూల బ్యాగు సర్దుకుంటుంది. ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువగా ఆ ఒంటిని ఎరిగిన మనిషి కదా, ఏడవడానికి కూడా ఆమెకు టైమివ్వరు. బ్యూరో నుంచి ఫోన్ వస్తుంది, కూకట్‌పల్లిలో ఇంకో పేషెంటు, సాయంత్రానికల్లా చేరాలి. సిగ్గులేదూ మనకి?

2007 చట్టంలో కొడుకు ఉన్నాడు, కూతురు ఉంది, ట్రిబ్యునల్ ఉంది, గాలికొదిలేసినవాడికి మూడు నెలల దాకా జైలుంది. ఈ పిల్ల లేదు. ఇళ్లకు మనుషుల్ని పంపే ఏజెన్సీలకు రిజిస్ట్రేషన్ పెడదామని 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు ప్రవేశపెట్టారు. పార్లమెంటు స్థాయీ సంఘం చూసింది, బాగుందంది, బాగోలేనివి చెప్పింది. నాలుగున్నరేళ్లు కూర్చుని, 2024లో ఆ లోక్‌సభతో పాటే బిల్లూ మురిగిపోయింది. సరే, కార్మిక సంక్షేమం రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉంది, రాష్ట్రాలకు ఎవరడ్డం? కేరళ 2025లో వయోవృద్ధుల కోసం ఏకంగా ఒక కమిషన్ పెడుతూ చట్టం చేసుకుంది. వాళ్ల అసెంబ్లీలోనూ పోడియం ఉంటుంది, వాళ్లూ కేకలేసుకుంటారు.

ఇంతకీ ఆ వినతిపత్రం వృథా కాలేదు, అలా అనుకుంటే ప్రభుత్వ యంత్రాంగాన్ని అవమానించినట్టే. పేషీలో ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి శాఖకు పంపారు. శాఖ కమిషనరేట్‌కి, కమిషనరేట్ కలెక్టరేట్‌కి, కలెక్టరేట్ జిల్లా సంక్షేమాధికారికి, ఆయన తన సీనియర్ అసిస్టెంటుకి. అడుగడుగునా ఒక నంబరు, ఒక స్టాంపు. ఎవరూ దాన్ని తిప్పి చూడలేదు గానీ అందరూ ‘వృద్ధాశ్రమాల విషయం’ అన్న పై లైను చదివారు. ఆఖరికి ఆశ్రమానికి ఫోన్ వెళ్లింది.

“మేడమ్, మీ మీద పైనుంచి ఏదో వచ్చింది. మంత్రిగారి పేషీ నుంచే. రిజిస్ట్రేషన్, ఫైర్ ఎన్‌ఓసీ, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, మీ దగ్గర పనిచేసేవాళ్ల వివరాలు పట్టుకుని రేపు రండి. జిరాక్సులు మూడు సెట్లు.”