ఆ జంట నక్షత్రాలు ముందే చెప్పాయి

భారీ వస్తువుల కదలికలకు స్థలకాలంలో పుట్టే అలలే గురుత్వ తరంగాలు. వాటి పేరు ఎత్తగానే అందరూ 2015 సెప్టెంబరు 14 గురించే మాట్లాడతారు. అమెరికాలోని లైగో పరిశోధనశాల పరికరాలు వాటిని నేరుగా పట్టుకున్న రోజది. ఆ గౌరవం లైగోకు దక్కాల్సిందే. కానీ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే వస్తువులు ఈ తరంగాల రూపంలో శక్తిని పోగొట్టుకుంటాయని అంతకు మూడు దశాబ్దాల ముందే తేలింది. ఆ రుజువును మనం తక్కువ చేసి చూస్తున్నామని నా బాధ.

ఈ తరంగాలు నిజంగా శక్తిని మోసుకెళ్తాయా అన్న విషయంలో శాస్త్రవేత్తలు చాలాకాలం తేల్చుకోలేకపోయారు. 1916లో వాటిని ఊహించిన ఐన్‌స్టీనే 1936లో అవి అసలు లేవేమో అనుకుని, తర్వాత మనసు మార్చుకున్నారు.

1974లో ఖగోళ శాస్త్రవేత్తలు రస్సెల్ హల్స్, జోసెఫ్ టేలర్ అరెసిబో రేడియో టెలిస్కోపుతో ఒక పల్సర్‌ను కనిపెట్టారు. పల్సర్ అంటే గిరగిరా తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే న్యూట్రాన్ నక్షత్రం, అంటే పేలిపోయిన పెద్ద నక్షత్రం మిగిల్చిన అతి సాంద్రమైన ముద్ద. అది మరో న్యూట్రాన్ నక్షత్రంతో జతకట్టి 7 గంటల 45 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతోంది. దాని నుంచి సెకనుకు 17 సార్లు రేడియో స్పందనలు వస్తాయి, గడియారం టిక్కుల్లా. వాటిని ఏళ్ల తరబడి ఓపిగ్గా లెక్కపెడితే, ఒక్కో చుట్టుకు పట్టే సమయం ఏడాదికి సుమారు 76 మైక్రోసెకన్లు (మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షల వంతు) తగ్గుతోందని బయటపడింది. కక్ష్య ఏటా మూడున్నర మీటర్లు కుదించుకుపోతోంది. ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పే లెక్కకూ దీనికీ తేడా ఒక శాతం కూడా లేదు. 1993లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

శక్తి పోతుంటే వేగం తగ్గాలి కదా అనిపిస్తుంది. ఇక్కడ పెరుగుతుంది. శక్తి పోయేకొద్దీ నక్షత్రాలు దగ్గరవుతాయి, దగ్గరయ్యేకొద్దీ గురుత్వాకర్షణ వాటిని ఇంకా జోరుగా తిప్పుతుంది. వృత్తాకార కక్ష్యలో వాటి మధ్య దూరం సగమైతే, వెలువడే శక్తి 32 రెట్లవుతుంది. అందుకే మొదట్లో నింపాదిగా సాగే ఈ పతనం చివర్లో ఒక్కసారిగా ముంచుకొస్తుంది.

కదిలే ప్రతి వస్తువూ ఇలా నష్టపోదు. ఒకే వేగంతో తిన్నగా సాగేది ఏమీ కోల్పోదు. కచ్చితమైన గోళం తన చుట్టూ తాను ఎంత తిరిగినా అంతే. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ వదిలేది సుమారు 200 వాట్లు, అంటే పాతకాలపు 100 వాట్ల బల్బులు రెండు వెలిగేంత. కక్ష్యకు అదొక లెక్కే కాదు.

2015లో మనకు అందింది రెండు కృష్ణబిలాల ఆఖరి క్షణాల సంకేతం. సెకనులో చిన్న భాగంలోనే మూడు సూర్యుళ్ల ద్రవ్యరాశికి సమానమైన శక్తి తరంగాలుగా వెళ్లిపోయింది. హల్స్, టేలర్ చూసిన జంట కూడా ఆ దారిలోనే ఉంది. అది ఢీకొనడానికి ఇంకా సుమారు 30 కోట్ల ఏళ్లు పడుతుంది.